కాటాను సరిచేసి, నన్ను మరిచి

నాకు జబ్బు చేసిన సంగతి నాకంటే ముందు కాటాకు తెలిసింది. పాపం, అది ప్రతిరోజూ చెప్పింది. నేను ప్రతిరోజూ దాని చెవి మెలిపెట్టి నోరు మూయించాను. ఇంతకంటే తెలివితక్కువ పని చేసిన మనిషి మా గార్లదిన్నె చుట్టుపక్కల ఎవరైనా ఉంటే నాకు చూపించండి. ఇద్దరం కలిసి కూర్చుని ఏడుస్తాం.

గండం గడిచింది గనుక ఇప్పుడు నవ్వుతూ రాస్తున్నాను. నవ్వు వెనకాల వణుకు ఇంకా పోలేదు. నాలాంటివాళ్లు ఈ సీమలో ఇంకా ఉన్నారు, తమకున్నది కరువొక్కటే అనుకుంటూ. వాళ్ల కోసం కూడా రాస్తున్నాను.

నేను వేరుశనగ మిల్లులో కాటా గుమాస్తాను. రైతులు బండ్లలో మూటలు తెస్తే కాటా ఎక్కించి, తూకం చదివి గట్టిగా కేకవేయడం నా ఉద్యోగం. పొద్దున్నే కాటా సరిగా ఉందో లేదో చూడడానికి ఏ మిల్లులోనైనా గుండ్లు పెట్టి తూస్తారు. మా గుండ్లను ఎవరో ఎత్తుకుపోయారు. కొత్తవి కొనడానికి మా సావుకారి గుర్రప్ప శెట్టికి చెయ్యి రాలేదు.

"గుండ్లేమిటికప్పా? మన నాగప్ప లేడా? పెండ్లినాడు ఎంత తూగినాడో ఈపొద్దూ అంతే తూగుతాడు" అన్నాడు.

అది నిజమే. ఏళ్ల తరబడి నా ఒళ్లు ఇటు పెరగలేదు, అటు తరగలేదు. అప్పటినుంచి పొద్దున్నే దేవుడి పటానికి దండం పెట్టి నేనే కాటా ఎక్కి నిలబడేవాణ్ని. ముల్లు నా అంకె మీద నిలిస్తే కాటా మంచిది. నిలవకపోతే పక్కనున్న మర తిప్పి నిలిపేవాణ్ని. లోకంలో అందరికీ గుండె ఉంటుంది. నేను మాత్రం గుండునే అయిపోయాను.

ఆ ఏడు, యాభైల్లో వచ్చిన కరువుల్లో ఒకటి నడుస్తోంది. మార్గశిరంలో నాకు దాహం మొదలైంది. మా సీమలో దాహాన్ని జబ్బని ఎవరంటారు? బావులు అడుగంటాయి, ఊరంతా నాలుక తడి లేకుండా ఉంది. నాది కొంచెం ఎక్కువ, అంతే అనుకున్నాను. ఒళ్లు తగ్గింది. గంజి కేంద్రం దగ్గర వరుసలో నిలబడ్డవాళ్లంతా ఎముకల గూళ్లే. ఆ గూళ్ల మధ్య నా గూడు ప్రత్యేకంగా ఎవరి కంట పడుతుంది?

ఒకనాడు నా భార్య ఈశ్వరమ్మ ఖాళీ కడవను నా ముందు బోర్లించింది. "ఏమయ్యా, కడవెడు నీల్లు నువ్వొక్కనివే తాగితివే! బాయి కాడ జుట్లు జుట్లు పట్టుకొని తెచ్చిన నీల్లు. పిల్లోల్లు ఏం తాగాల?"

సిగ్గుతో చచ్చిపోయాను. మరుసటి రోజు నుంచి మిల్లులో తొట్టి దగ్గర తాగడం మొదలుపెట్టాను. ఇంట్లో నీళ్లు మిగిలాయి. నేనే మిగలకుండా పోతున్నాను.

మాఘం వచ్చేసరికి ముల్లు నా అంకె దాకా రావడం మానేసింది. కాటాకు ముసలితనం వచ్చిందనుకుని మర తిప్పాను. నాలుగు రోజులకు మళ్లీ కిందికి జారింది. మళ్లీ తిప్పాను. ఖాళీ కాటా ఏం చూపిస్తుందో చూద్దామన్న బుద్ధి నాకూ పుట్టలేదు, పక్కనున్నవాళ్లకూ పుట్టలేదు. నేను తగ్గినంత మేరకు కాటాను పెంచుకుంటూ పోయాను. నా ఒంట్లోంచి పోయిన కండ అంతా రైతుల మూటల్లోకి చేరింది.

అసలే పంట తక్కువ ఏడు. అయినా మా మిల్లు ముందు బండ్లు బారులు తీరాయి. తాడిపత్రి దిక్కు పోవలసిన బండ్లు కూడా మా దగ్గరికే వచ్చాయి. "అన్నా, నీ చెయ్యి చల్లనిది. నువ్వు తూస్తే మూట బరువొస్తాది" అని రైతులు నన్ను దీవించేవాళ్లు. నిజమే కాబోలని నేనూ పొంగిపోయాను. పొంగడానికి ఒళ్లెక్కడిది? మాటవరసకు పొంగాను.

ఫాల్గుణంలో ఒక పొద్దున సావుకారి వేరే మిల్లు నుంచి గుండ్లు తెప్పించాడు. హమాలీలందరినీ పిలిచి వాళ్ల ముందర కాటా మీద పెట్టించాడు. కాటా ఆ గుండ్లను కూడా గొప్ప చేసి చూపించింది. సావుకారి మొహం నల్లబడింది.

"ఎంత తిన్నావప్పా నాగప్పా?" అన్నాడు మెల్లగా.

ఆ ప్రశ్న నాకు అర్థం కాలేదు. "తింటానే ఉండాను సావుకారీ. ఒంటికి పట్టల్యా" అన్నాను.

హమాలీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. సావుకారి నవ్వలేదు. మర తిప్పి కాటాను గుండ్లకు సరిచేశాడు. తర్వాత నా రెక్క పట్టుకుని దాని మీదికి ఎక్కించాడు. ముల్లు కదిలి ఒకచోట ఆగింది. అంత కిందికి ఎప్పుడూ రాలేదది. సావుకారి ముల్లు వంక చూసి, నా వంక చూసి, మళ్లీ ముల్లు వంక చూశాడు.

"ఏమప్పా, తక్కిన మనిషి యాడికి పోయినాడు?" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు, భయం ఉంది. ఆ భయం అప్పుడు నాకూ అంటుకుంది. కాటా దిగబోయి మూటల మీద పడిపోయాను.

మిల్లు బండిలో గడ్డి పరిపించి, నన్ను స్టేషనుకు తోలించింది సావుకారే. ఆ మేలు మరచిపోలేను. రైల్లో కొంత దూరం పోతే ఒక మిషన్ ఆసుపత్రి ఉంది. దానికి పెద్ద, సముద్రం అవతలి నుంచి వచ్చిన డాక్టరమ్మ. ఆమె మన భాషను బైబిలు చదివి నేర్చుకుంది. అందువల్ల జ్వరానికి మాత్ర ఇచ్చినా ప్రవక్త పలికినట్టే ఉండేది. నా మూత్రాన్ని నీలం మందులో కలిపి గాజు గొట్టంలో కాచింది. నీలం పచ్చనై, పసుపై, చివరికి ఇటుక రంగుకు తిరిగింది. ఎంత ఎర్రనైతే ఒంట్లో అంత చక్కెర ఉన్నట్టట.

"నీ దేహము మధురమాయెను. ఇది మధుమేహము. నీవు దినదినమును సూది వేసుకొనవలెను" అంది.

"ఎన్ని దినాలమ్మా?" అని అడిగింది ఈశ్వరమ్మ.

"బ్రదికియున్నంత కాలము."

ఈశ్వరమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నన్ను చూసి ఏడ్చిందో, ఆ తెలుగు విని నవ్వు ఆపుకుందో ఇప్పటికీ చెప్పదు.

ఇన్సులిన్ మా జిల్లాలో అంగట్లో దొరికేది కాదు. డాక్టరమ్మ దేశంలో చక్కెర జబ్బువాళ్లంతా ఒక సంఘం పెట్టుకున్నారట. ఆమె ఇక్కడి సంగతి రాస్తే, వాళ్లే తలా కొంచెం వేసుకుని మందు కొని ఓడలో పంపేవాళ్లు. అది మద్రాసులో దిగి, రైలెక్కి, ఆసుపత్రిలో కిరసనాయిలుతో నడిచే చల్లపెట్టె చేరేది. నేను ఎరగని ఊళ్లో, నన్ను ఎరగని మనిషి, నా జబ్బే ఉన్నవాడు, నా కోసం సీసా కొంటున్నాడన్న మాట విన్నప్పుడు నాకు నమ్మకం కలగలేదు. మా ఊళ్లో పక్కింటివాడు చేద కూడా ఇవ్వడు.

చైత్రంలో, పొద్దున్నే కాచి చూసుకొమ్మని డాక్టరమ్మ ఇచ్చిన గాజు గొట్టం, నీలం మందుతో ఇంటికి వచ్చాను. ఇన్సులిన్ వేడెక్కకుండా ఇసుకను తడిపి, ఆ ఇసుకలో చిన్న కుండ పాతి, కుండలో మందు సీసా పెట్టుకోవాలి. తాగే నీళ్లకే దిక్కులేని ఎండల్లో ఇసుకకు నీళ్లు పోయాలి. ఈశ్వరమ్మ తాను తాగే చెంబులోంచి కొంచెం కొంచెం పోసేది. పొద్దున్నే సూది ఉడకబెట్టి నాకు వేసేది. మొదటి రోజు ఆమె కళ్లు మూసుకుని పొడిచింది. రెండో రోజు నేను కళ్లు మూసుకున్నాను. తర్వాత ఇద్దరం అలవాటుపడ్డాం.

అలవాటుపడనిది మాయమ్మ. "సూదులు పొడిచి పొడిచి బిడ్డను జల్లెడ చేస్తాండాది" అని కోడల్ని తిట్టేది. సూది వేసుకుంటున్నా నా నీలం మందు మళ్లీ ఎర్రగా తిరుగుతోంది. నేను దొంగతనంగా ఏదో తింటున్నానని ఈశ్వరమ్మకు అనుమానం. మందు పాడైందని నా అనుమానం. ఇద్దరం మాటలు మానుకునే దాకా వచ్చింది.

చివరికి ఒకనాడు ఈశ్వరమ్మ నా అంబలి ముంత లాక్కుని రుచి చూసింది. "అత్తా! ఇందులో బెల్లం ఎవురేసినారు?"

మాయమ్మ గోడకు జారగిలబడి కూలబడింది. "నేనే వేసినానే. బిడ్డ కట్టెమాదిరి ఎండిపోతాంటే సూస్తా కూర్చోమంటావా? పురుడు పోసుకున్నదానికి బెల్లమిస్తారు, కోతకు పోయి అలిసొచ్చినోనికి బెల్లమిస్తారు. నా కొడుక్కి మాత్రం ఏమిటికి ఇయ్యగూడదు? ఆ కిరస్తానపామె చెబితే మీకు వేదమా?"

"ఆ ముంతలో తీపి నీకు తెలియలేదా?" అని ఈశ్వరమ్మ నా మీదికి తిరిగింది. తెలిసింది. తీపి తెలియకపోవడానికి నేనేమైనా రాతిబండనా? తల్లి చేతి అంబలి, అడగకూడదని తాగాను. ఈశ్వరమ్మ సీసా తీసి మాయమ్మ చేతిలో పెట్టింది. "అత్తా, రేపట్నుంచి సూది నువ్వే వెయ్యి. బెల్లం వేస్తే ఎన్ని సూదులు ఎక్కువ పొడవాల్నో నీకే తెలుస్తాది" అంది. ఆ రోజు నుంచి ఇంట్లో బెల్లం కనపడలేదు. మాయమ్మ చెయ్యి ఈశ్వరమ్మ చెయ్యి కంటే మెత్తన అని కూడా తెలిసింది. ఆ మాట పైకి అనలేదు. ఇంకా కాపురం చేయాల్సినవాణ్ని.

జ్యేష్ఠంలో ఓడ రాలేదు.

మందు తెచ్చుకోవడానికి ఆసుపత్రికి పోతే, వరండాలో జనం గుసగుసగా మాట్లాడుకుంటున్నారు. మద్రాసులో పెట్టె దిగిందనీ, కాగితాల దగ్గర ఆగిందనీ ఒకరు, ఓడే రాలేదని ఇంకొకరు. నా పక్కన బల్ల మీద బెళుగుప్ప దిక్కు నుంచి వచ్చిన గొర్రెల కాపరి మల్లప్ప, అతని కూతురు గంగమ్మ కూర్చున్నారు. ఆ పిల్లకూ నా జబ్బే. గాలికి ఎగిరిపోయేటట్టు ఉంది. తండ్రి ఆమె చుట్టూ కంబళి కప్పి, ఆ ఎండలో, కంబళి అంచు గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు.

డాక్టరమ్మ నన్ను లోపలికి పిలిచింది. చల్లపెట్టె తలుపు తెరిచి చూపించింది. లోపల అరలు ఖాళీ. ఒక మూల కొన్ని సీసాలు. "నీకు సగము. ఆ చిన్నదానికి పూర్తిగా. సగముతో నీవు కొన్ని దినములు నిలువగలవు. ఆమె నిలువజాలదు."

ఇక్కడ నేను సంతోషంగా ఒప్పుకున్నానని రాస్తే చదివేవాళ్లు మెచ్చుకుంటారు. నాకు కోపం వచ్చింది. డాక్టరమ్మ మీద కాదు, ఆ కంబళిలో ఉన్న పిల్ల మీద. నాకూ పిల్లలున్నారు, నాదీ ప్రాణమే అని లోలోపల పళ్లు కొరుక్కున్నాను. బయటికి వచ్చేసరికి మల్లప్ప లేచి నిలబడ్డాడు.

"అన్నా, ఉండాదా మందు?" అని అడిగాడు.

"ఉండాది. నీ బిడ్డకుండాది" అన్నాను. అతను నా చేతిలో సగమే ఉన్న సీసా చూశాడు, సంగతి గ్రహించాడు. గుడ్డ మూట విప్పి, తాము తినడానికి తెచ్చుకున్న సంగటి ముద్దలో సగం తుంచి నా చేతిలో పెట్టాడు.

సగం మందు నన్ను ఎంతకాలం మోస్తుంది? దాహం మళ్లీ మొదలైంది. కాళ్లు దూదయ్యాయి. జిల్లా ఆసుపత్రులకు మందులు తెప్పించే అధికారి అనంతపురంలో ఉంటాడని ఎవరో చెబితే, మల్లప్పా నేనూ కలిసి పోయాం. ఆయన వరండాలో పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టారు. లోపల పంకా తిరుగుతున్న చప్పుడు మాకు వినపడుతోంది, గాలి మాత్రం రాదు.

చివరికి పిలిచారు. మేము చెప్పింది విని ఆయన నవ్వాడు. "కరువు జిల్లాలో చక్కెర జబ్బేమిటయ్యా? అది తిని కూర్చునేవాళ్ల జబ్బు. ఇక్కడ ప్రజలకు గంజి తెప్పించడానికే మాకు తీరడం లేదు. కలరా మందు అడగండి, ఇస్తాను."

"దొరా, నా కూతురు చక్కెర మొగం చూసి ఎరగదు. గొర్రెల ఎనకాల నడిచిన పిల్ల" అన్నాడు మల్లప్ప.

"అయితే ఆ జబ్బు కాదులే. పోండి."

నేనేదో చెప్పబోయాను. నోరు ఎండిపోయి మాట రాలేదు. వరండాలోకి వచ్చి వాంతి చేసుకున్నాను, తర్వాత నేల నా మొహానికి దగ్గరగా వచ్చింది. బంట్రోతు నీళ్లు తెచ్చి మొహాన చల్లి, "లేపకపోతే ఈడే పోయేటట్టుండాడు, ఎత్తుకోప్పా" అన్నాడు. మల్లప్ప నన్ను గొర్రెపిల్లను వేసుకున్నట్టు భుజాన వేసుకుని స్టేషనుకు నడిచాడు. నన్ను మోయడం అతనికి పెద్ద కష్టం కాలేదు. ఆ జబ్బు వల్ల నాకు కలిగిన ఒకే ఒక్క లాభం అది.

ఆసుపత్రి మంచం మీద కళ్లు తెరిస్తే ఈశ్వరమ్మ కనపడింది. మాయమ్మ ఆమె భుజం మీద తల పెట్టి నిద్రపోతోంది. వాళ్లిద్దరినీ అట్లా చూసి, నేను పోయాను కాబోలనుకున్నాను. పెట్టె ఆ పొద్దుటి రైలుకే వచ్చిందట. ఇంకొంచెం ఆలస్యమైతే ఈ రాత రాసేవాణ్ని కాను.

ఆ పెట్టెతో పాటు అవతలి దేశం సంఘంవాళ్ల ఉత్తరం వచ్చింది. డాక్టరమ్మ వరండాలో రోగులందరినీ కూర్చోబెట్టి తన తెలుగులోకి మార్చి చదివింది. "మా పెట్టె ఎల్లకాలము రాజాలదు, ఓడలు ఆలస్యమగును, మీ మందును మీ ప్రభుత్వమునే అడుగుడి, మేమును ఒక్కొక్కరముగా అడిగినంత కాలము మమ్మును త్రోసివేసిరి, గుంపుగా పోయిన పిమ్మట ఆలకించిరి. అడుగు పద్ధతులు తెలిసినంత వరకు మీకు వ్రాసి పంపుదుము."

తర్వాత మల్లప్ప అన్నాడు: "ఏమన్నా నాగప్పా, మనం ఇద్దరమే పోతిమి. దొరకు మనం కనపడల్యా."

"కనపడే మాదిరి ఉంటిమా మనం?" అన్నాను.

వర్షాలు పడీ పడక ముందే మేమూ గుంపు కట్టి ఒక సంఘం పెట్టుకున్నాం. ఎవరెవరో ఎక్కడెక్కడి నుంచో బయటపడ్డారు. గంజి కేంద్రంలో గంజి కాచే ఆమె, బండలు చెక్కేవాడు, కూలికి పోయేవాళ్లు. ఒక్కరూ తిని కూర్చునేవాళ్లు లేరు. జబ్బు లేదన్న దొరకు జబ్బు చూపించాలి. ఎట్లా? ఆ ఉపాయం గంజి కాచే ఆమెది. "మనం పొద్దున ఇంటికాడ కాచేది ఆడికే పొయ్యి కాచుదాం" అంది.

సంతరోజున అనంతపురంలో ఆ వరండాకు చేరాం. స్పిరిటు దీపాలు, గాజు గొట్టాలు, నీలం మందు అన్నీ డాక్టరమ్మ ఇచ్చింది. ఎవరిది వాళ్లు పట్టుకొచ్చి వరుసగా కూర్చుని కాచడం మొదలుపెట్టాం. అరుపులు లేవు, కేకలు లేవు. గొట్టాలు బుడబుడలాడాయి. నీలాలు పచ్చలయ్యాయి, పచ్చలు ఇటుకలయ్యాయి. ఉడుకుతున్న మూత్రం వాసన పంకా గాలికి ఆయన గదిలోకి చక్కగా పోయింది. సంతకు వచ్చిన జనం మెట్ల దాకా మూగారు. "ఏమప్పా ఇది, ఏం వంట?" అని ఒకడు అడిగితే, "దొరకు విందు" అన్నాడు మల్లప్ప.

ఆయన ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని బయటికి వచ్చాడు. గంగమ్మ లేచి తన గొట్టం ఆయన మొహం ముందర పెట్టింది. ఇటుక ముక్కలా ఉంది. "ఇది నాది దొరా. చక్కెర యాడ తిన్నానో నువ్వే చెప్పు" అంది. మూగిన జనంలో ఒక పెద్దాయన, "నాకూ ఇట్లే దప్పికవుతాది, నాదీ కాచి సూడండప్పా" అని ముందుకు వచ్చాడు. ఆ మాట దొర విన్నాడు. అప్పుడు ఆయన మొహంలో చిరాకు పోయి ఇంకేదో వచ్చింది. అయినా మందు రాలేదు. మరుసటి సంతకూ పోయాం. ఆ తర్వాతి సంతకూ. అవతలి సంఘంవాళ్లు రాసి పంపిన పద్ధతుల ప్రకారం మద్రాసుకు ఒకటి, కర్నూలులో రాజధాని పెట్టాక అక్కడికి ఒకటి, హైదరాబాదుకు మారాక అక్కడికి ఒకటి అర్జీలు పెట్టాం. రాజధాని మారుతూ పోయింది గాని మా అర్జీ మారలేదు. ఈలోపల ఓడ ఆలస్యమైనప్పుడల్లా సగాలు పంచుకున్నాం. గుంపులో అందరం మిగల్లేదు. బండలు చెక్కే ఆయన మిగల్లేదు. ఆయన గొట్టం ఇప్పుడు నేను వాడుతున్నాను.

అరవైల్లోకి వచ్చాక ఒక శ్రావణ మాసంలో అనంతపురం పెద్దాసుపత్రికి చల్లపెట్టె, దాని నిండా ఇన్సులిన్ వచ్చాయి. చీటీ చూపిస్తే బీదవాళ్లకు ఊరికే ఇస్తారు. తెరిచే సభకు మమ్మల్నీ పిలిచారు. అధ్యక్షుడు ఆ దొరే. తల నెరిసింది, పంకా మాత్రం ఆయన వైపే తిరుగుతోంది. ఈ జిల్లాలో ఈ వ్యాధి తీవ్రతను మొట్టమొదట గుర్తించినవాణ్ని నేనే అని ఆయన చెబుతుంటే, ఓణీ వేసుకునేంతగా ఎదిగిన గంగమ్మ నా వంక చూసి కళ్లెగరేసింది. డాక్టరమ్మ మాత్రం చప్పట్లు కొట్టింది. ఆమె మతం అట్లాంటిది. నా మతం వేరు.

సభ తర్వాత కాఫీ ఏర్పాటు మా సంఘానిది. కాచింది ఈశ్వరమ్మ, కలిపింది నేను. అందరికంటే పెద్ద లోటా వెతికి, నిండా పోసి, రెండు చేతులతో వినయంగా దొర చేతికి ఇచ్చాను. ఫొటో తీసేవాడు అప్పుడే కెమెరాను దొర వైపు తిప్పుకుంటున్నాడు. దొర ఒక గుక్క తాగాడు. కనుబొమలు నడినెత్తికి పోయాయి.

"చక్కెర..." అన్నాడు మెల్లగా.

"ఎవురికీ వెయ్యల్యా దొరా. అందరం ఇదే తాగుతాం" అన్నాను. చుట్టూ నిలబడ్డ మావాళ్లు తమ లోటాలు ఎత్తి కమ్మగా తాగుతున్నారు. ఫొటోవాడు "ఇటు చూడండి సార్, తాగుతున్నట్టు" అన్నాడు. దొర నవ్వు మొహం పెట్టాడు, తాగాడు, చివరి చుక్క దాకా తాగాడు.

ఖాళీ అయిన లోటా కింద పెట్టబోయాడు. అతిథికి మర్యాద తక్కువ చేశామన్న మాట మా సంఘానికి రాకూడదని, రెండోసారి కూడా నిండా పోశాను.